కరీబియన్‌లో సొంతంగా నిలబడ్డ రాక్ బ్యాండ్ ఉందా? హైతీ బ్యాండ్ 'రామ్' గురించి నేను చూసింది

కరీబియన్ అంటే రెగ్గే, సోకా తప్ప ఇంకేం వినపడవు కదా, పెద్ద మ్యూజిక్ కంపెనీ అండ లేకుండా అక్కడ నిలదొక్కుకున్న రాక్ బ్యాండ్ ఒక్కటైనా ఉందా, ఉంటే వాళ్లకి పూట ఎలా గడుస్తుంది అని అడిగారు. ఉందండీ. హైతీలో రామ్ అనే బ్యాండ్, 1990లో మొదలైంది. 2010 భూకంపం తర్వాత నేను సెల్ టవర్ల పనిమీద అక్కడి రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో కొంతకాలం ఉన్నాను, అప్పుడు వీళ్ల ప్రోగ్రాములకి వీలు దొరికినప్పుడల్లా వెళ్లేవాణ్ణి, అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

పూట ఎలా గడిచిందన్న దానికి ముందు సమాధానం చెప్తాను. వాళ్లని నిలబెట్టింది ఒక హోటల్.

బ్యాండ్ పెట్టినాయన రిచర్డ్ ఆగస్ట్ మోర్స్. ఆ పేరుకి ఇంగ్లిషులో మొదటి అక్షరాలు R, A, M, అవే రామ్. తండ్రి అమెరికన్ ప్రొఫెసర్, తల్లి ఎమెరాంట్ డి ప్రాడీన్ హైతీలో పేరున్న గాయని. ఆయన పెరిగింది అమెరికాలో, చదివింది ప్రిన్స్‌టన్‌లో, పంక్ బ్యాండ్‌లో కొన్నాళ్లు వాయించి, 1985లో హైతీ సంగీతం వెతుక్కుంటూ అమ్మ దేశానికి వెళ్లాడు. 1987లో ఒలోఫ్సన్ అనే పాత హోటల్ లీజుకి తీసుకున్నాడు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో కట్టిన చెక్క మేడ అది, వరండా పొడవునా జాలీ పని, ఒకప్పుడు అమెరికన్ సైన్యం దాన్ని ఆసుపత్రిగా కూడా వాడుకుంది. అక్కడ డాన్సర్లని, వాయిద్యగాళ్లని పోగేసి బ్యాండ్ కట్టాడు. భార్య లూనీజ్ ప్రధాన గాయని.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ప్రతి గురువారం రాత్రి ఆ హోటల్లోనే వాళ్ల ప్రోగ్రాం. అర్ధరాత్రి దగ్గరపడ్డాక మొదలుపెట్టి తెల్లవారుజామున ఎప్పుడో ఆపేవాళ్లు. విదేశీ విలేకరులు, రాయబార కార్యాలయాల వాళ్లు, సహాయ సంస్థల వాళ్లు, ఊళ్లో కుర్రాళ్లు, అందరూ ఒకే హాల్లో. వేదిక వెతుక్కోనక్కర్లేకపోయింది, విడిగా హాలుకి అద్దె కట్టనక్కర్లేకపోయింది, రిహార్సల్‌కి చోటుండేది, గదుల మీద, బార్ మీద నాలుగు డబ్బులొచ్చేవి, అన్నిటికంటే ముఖ్యం, బ్యాండ్‌లో డజను మంది ఉన్నా వాళ్లకి వారం వారం పని ఉండేది. మామూలుగా ఇంత పెద్ద బ్యాండ్‌లు విడిపోయేది గొడవల వల్ల కంటే పని లేకే అని నా నమ్మకం.

సంగీతం గురించి చెప్పకపోతే అన్యాయం. ఈ తరహాని అక్కడ మిజిక్ రసీన్ అంటారు, వోడూ (ఆఫ్రికా మూలాలున్న హైతీ మతం) పూజల పాటలు, డోళ్లు తీసుకుని వాటికి ఎలక్ట్రిక్ గిటార్, బేస్, డ్రమ్ సెట్ కలుపుతారు. 1986లో డువాలియే నియంతృత్వం పడిపోయాక ఇది బాగా ఊపందుకుంది. నన్ను పట్టేసింది మాత్రం రారా బూరలు. ఈస్టర్ ముందు రోజుల్లో వీధుల్లో ఊరేగుతూ ఊదే వాయిద్యాలివి, కొన్ని వెదురుబొంగులు, కొన్ని రేకు చుట్టి చేసినవి. ఒక్కో బూర ఒక్కటే స్వరం పలుకుతుంది, అంతకుమించి పలకదు. నలుగురైదుగురు వరసగా నిలబడి ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు ఊదితేనే ట్యూన్ తయారవుతుంది, ఒకడు అర క్షణం ఆలస్యమైతే ట్యూన్‌కి అక్కడ చిల్లు పడుతుంది. వెదురు బూర వాళ్లయితే ఊదుతూనే దాని ఒంటి మీద పుల్లతో తాళం కూడా కొడతారు. పక్కనుంచి చూస్తే తప్ప ఇది నమ్మబుద్ధి కాదు.

ఒకసారి పాట మధ్యలో కరెంట్ పోయింది. ఆ ఊళ్లో కరెంట్ సంగతి నా పనివల్ల నాకు బాగా తెలుసు, మా టవర్లన్నీ డీజిల్ మీద నడిచేవి, జెనరేటర్ అందుకునేలోపు ఎంతసేపు పడుతుందో చెవితోనే చెప్పగలను. గిటార్ ఆగింది, బేస్ ఆగింది, మైకులు పోయాయి. డోళ్లు, బూరలు ఆగలేదు. జనం చీకట్లో పాట అందుకున్నారు, లూనీజ్ గొంతు మైక్ లేకుండానే వినపడుతోంది. జెనరేటర్ అందుకోగానే గిటార్ సరిగ్గా తాళంలో వచ్చి కలిసింది. జాతరలో డప్పు మొదలైతే కాళ్లు మన మాట వినవు చూడండి, అచ్చం అలాగే ఉంది ఆ రాత్రి.

అయితే ఇదంతా హాయిగా గడిచిన కథ కాదు. 1991లో సైన్యం కుట్రచేసి అధ్యక్షుడు అరిస్టీడ్‌ని దేశం దాటించింది. 1992లో వీళ్లు ఫేయ్ అని ఒక పాత జానపదాన్ని వాయించారు. కొమ్మనుంచి రాలిన ఆకు గురించిన పాట, రాజకీయం మాట ఒక్కటీ లేదు. కానీ వెళ్లగొట్టిన అధ్యక్షుడి గురించే అని వీధిలో ప్రతి ఒక్కరికీ అర్థమైంది, సైనిక ప్రభుత్వం దాన్ని నిషేధించింది, మోర్స్‌కి చంపుతామని బెదిరింపులొచ్చాయి. అయినా గురువారాలు వదల్లేదు. ఆ రోజుల్లోనే 1993లో హాలీవుడ్ సినిమా ఫిలడెల్ఫియా సౌండ్‌ట్రాక్‌లో వీళ్ల ఇబో లేలే పాట చేరింది. బయటి ప్రపంచం వీళ్ల పేరు విన్నది చాలావరకు దానివల్లే.

అదే తరహాలో ఇంకో గొప్ప బ్యాండ్ బుక్మన్ ఎక్స్‌పీరియన్స్. వాళ్లు ఐలాండ్ అనే పెద్ద మ్యూజిక్ కంపెనీకి చెందిన మాంగో లేబుల్‌తో వెళ్లారు, 1991 ఆల్బమ్ గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది, ప్రపంచమంతా తిరిగారు. ఆ దారిని నేను తక్కువ చేయను. కానీ రామ్ మధ్యలో పదేళ్లకు పైగా కొత్త స్టూడియో ఆల్బమ్ లేకుండా గడిపి, 2016లో ఆరో ఆల్బమ్, 2018లో ఆగస్ట్ 1791 విడుదల చేసింది. అన్నేళ్లు ఆల్బమ్ ఇవ్వని బ్యాండ్‌ని ఏ లేబుల్ భరిస్తుంది చెప్పండి? హోటల్ నడిచినన్నాళ్లూ వీళ్లకి ఆ టెన్షన్ లేదు, ఎందుకంటే ఈ వారం గురువారం ఉండేది, వచ్చే వారం గురువారం ఉండేది. ఏటా కార్నివాల్‌కి ఒక కొత్త పాట కట్టడం కూడా అక్కడి బ్యాండ్‌లకి పెద్ద ఆధారం, ఊరంతా ఆ పాట కోసం ఎదురుచూస్తుంది.

ఇందులో ప్రమాదమూ ఉంది, అది నేను దాచను. అన్నీ ఒకే చోట పెట్టుకుంటే ఆ చోటు పోయినప్పుడు అన్నీ పోతాయి. భూకంపాన్ని తట్టుకున్న ఆ చెక్క మేడ, గ్యాంగుల హింసలో మూతపడి, 2025 జులైలో కాలి బూడిదైంది. ఆ వార్త చూసిన రోజు నాకు పని చేయబుద్ధి కాలేదు, వీడియోలో ఆ మెట్లు గుర్తుపట్టే ప్రయత్నం చేస్తూ కూర్చున్నాను. బ్యాండ్‌కి విదేశీ వేదికలూ ఉన్నాయి. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో, కెనడా రాక్ బ్యాండ్ ఆర్కేడ్ ఫైర్‌లోని అప్పటి దంపతులు 2018లో మొదలుపెట్టడంలో పాలుపంచుకున్న క్రూ డు కనవాల్ ఊరేగింపులో రామ్ కూడా వాయించింది. ఆ ఊరికీ హైతీకీ చుట్టరికం రెండొందల ఏళ్ల నాటిది, హైతీ బానిసల విప్లవం రోజుల్లో, దాని తర్వాతా ఆ దేశం వదిలిన వేలమంది అక్కడికి చేరారు.

వినాలనుకుంటే 1993 ఆల్బమ్ అయిబోబోతో మొదలుపెట్టండి, తర్వాత 1997లో వచ్చిన ప్యూరిటన్ వోడూ. ఫోన్ స్పీకర్‌లో వద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, లేకపోతే బూరలు ఒకదానికొకటి ఎక్కడ అందించుకుంటున్నాయో వినపడదు. బ్యాండ్ పెట్టే ఆలోచన మీకే ఉంటే మాత్రం, లేబుల్‌కి ఈమెయిళ్లు రాసేముందు వారానికి ఒక రాత్రి మిమ్మల్ని వాయించుకోనిచ్చే చోటు ఒకటి చూసుకోండి, జనం పదిమందే వచ్చినా సరే.