కుక్కకు పాము కరిస్తే క్లినిక్‌లో రెండు గంటలు కూర్చోబెట్టారు, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. చీనీ తోటలో కాపలా ఉండే మా కుక్కను పోయిన నెల ఒక రాత్రి ఏడున్నరకు పాము కరిచింది. పామును కొట్టి సంచిలో వేసుకుని, కుక్కను కారులో అనంతపురంలోని ఒక ప్రైవేటు క్లినిక్‌కు తెచ్చేసరికి తొమ్మిదయింది. డాక్టరు లేడు. అక్కడ పనిచేసే అబ్బాయి ‘సార్ దారిలో ఉన్నారు’ అంటూ 6,500 ఫోన్‌పే చేయించుకుని, సెలైన్ ఎక్కించి, ఏవో సూదులు వేశాడు. పదకొండింటికి డాక్టరు వచ్చి ‘యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) మా దగ్గర లేదు, తిరుపతికి తీసుకుపోండి’ అన్నాడు. బత్తలపల్లి దాటకముందే ప్రాణం పోయింది. తోటలోనే పూడ్చేశాం. పోలీసు కేసు పెట్టొచ్చా? పాము చంపినందుకు మాకేమైనా ఇబ్బందా?

జవాబు: పోలీసు స్టేషన్ ఆలోచన ముందు పక్కన పెట్టండి. భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద జంతువును చంపితే అయిదేళ్ల వరకు శిక్ష ఉంది, నిజమే. కానీ అది కావాలని చేసిన పనికి. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే పెట్టే 106 సెక్షన్ మనుషుల చావుకే వర్తిస్తుంది. స్టేషన్ చుట్టూ తిరిగి మీ చెప్పులు అరగడం తప్ప లాభం లేదు.

మీకు దారి ఉన్నది వినియోగదారుల కమిషన్‌లో. డబ్బు కట్టి సేవ తీసుకున్నారు కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు వినియోగదారు. (ఇదే సర్కారు పశువుల ఆసుపత్రిలో ఉచితంగా చూపించి ఉంటే ఈ దారి మూసుకుపోయేది.) కమిషన్ అనంతపురంలోనే ఉంది. కట్టిన మొత్తం అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, ఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. మా తోటి వకీళ్లు నామీద కోప్పడినా సరే, ఇంత చిన్న కేసుకు అదే మేలు.

ఇక అసలు సంగతి. చాలామంది ఫిర్యాదులో ‘మందు లేక కుక్క చచ్చిపోయింది’ అని రాస్తారు. అలా రాస్తే కేసు బలహీనపడుతుంది. ప్రతి క్లినిక్‌లోనూ ఆ మందు ఉండి తీరాలని నిరూపించడం మీవల్ల కాదు. మీ బలం తొమ్మిదికీ పదకొండుకీ మధ్య ఉంది. మందు లేదన్న మాట తొమ్మిదింటికే చెప్పి ఉంటే మరో చోటికి పోయేవారు. పాము విషానికి ప్రతి గంటా లెక్కే. మందు లేదని దాచి, డాక్టరు లేకుండా డబ్బు కట్టించుకుని కూర్చోబెట్టడం సేవలో లోపం. ఫిర్యాదంతా ఆ రెండు గంటల చుట్టూ రాయండి.

ఆ అబ్బాయి ఎవరో కూడా అడగండి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం రిజిస్టరైన డాక్టరే వైద్యం చేయాలి. డాక్టరు ఫోన్‌లో చెబితే ఇతను సూదులు వేశాడా, సొంతంగా వేశాడా అన్నది తేలాలి. దీనిమీద రాష్ట్ర పశువైద్య మండలికి విడిగా అర్జీ పెట్టుకోవచ్చు.

అవతలివాళ్లు ఏమంటారో ఇప్పుడే చెబుతాను: ‘మీరే గంటన్నర ఆలస్యంగా తెచ్చారు, అది పాము కాటుతోనే చచ్చిందని రుజువేది?’ ఇక్కడే మీకు చిక్కు. ఇన్సూరెన్స్ ఉన్న ఆవు చనిపోతే పశువుల డాక్టరును పిలిచి పోస్ట్‌మార్టం చేయిస్తాం, కుక్క దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ తట్టదు. పూడ్చి నెలయింది కాబట్టి ఇక తవ్వి లాభం లేదు. మీ ఫోన్‌లో పాము ఫొటో, వాచిన కాలు ఫొటో ఉంటే వాటిని అలాగే ఉంచండి, ఫోన్ మార్చకండి. పేమెంట్ టైము, డాక్టరుకు మీరు చేసిన కాల్స్ లిస్టు, కారులో వచ్చిన ఇద్దరి వాంగ్మూలం, ఇవే మీకు ఆధారాలు. కేస్ షీట్ కాపీ కావాలని క్లినిక్‌కు స్పీడ్ పోస్టులో రాయండి. ఇవ్వకపోతే తెప్పించమని కమిషన్‌నే అడగవచ్చు.

పాము విషయం. నాగుపాముకైనా, రక్తపింజరకైనా 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. మనిషి ప్రాణం కాపాడుకోవడానికి చంపితే తప్పు కాదు. కుక్కను కరిచి పోతున్న పామును వెంటపడి కొట్టడం వేరు. ఫిర్యాదులో ఏం రాసినా అది రికార్డే, జరిగినదానికి ఒక్క ముక్క ఎక్కువా తక్కువా రాయకండి. నిజానికి పామును తేవాల్సిన పనే లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ మన దగ్గర ఒకటే విరుగుడు.

ఎంత వస్తుందంటారా? చట్టం దృష్టిలో కుక్క ఆస్తి. ఊరకుక్కకు బజారు ధర లేదు. కట్టిన 6,500, కారు ఖర్చు, మానసిక వేదనకు కొంత అడగండి. లక్షలు మాత్రం ఆశించకండి.

మీరు పంపిన బిల్లు ఫొటో చూశాను. ‘సెలైన్ 2, ఇంజెక్షన్ 3, ఎమర్జెన్సీ చార్జి’ అని ఉంది. ఇంజెక్షన్ల పేర్లు లేవు, సంతకం లేదు. అదే మీకు మంచి సాక్ష్యం. కానీ అది మిషన్‌లో వచ్చే నున్నటి కాగితం, కొన్ని నెలలకే అక్షరాలు మాసిపోతాయి. ఈరోజే కళ్యాణదుర్గం పోయి రెండు జిరాక్సులు తీయించండి.