అద్దకం నేర్పే కోర్సుకు మార్కులెలా వేయాలి?

ప్రశ్న: ఒక విశ్వవిద్యాలయంలోని డిజైన్ విభాగంలో రెండేళ్లుగా బోధిస్తున్నాను. వచ్చే సెమిస్టరుకు కలంకారీ మీద 4 క్రెడిట్ల స్టూడియో కోర్సు తయారుచేయమన్నారు. పాఠ్యాంశాల పట్టిక రాయగలిగాను కాని, మూల్యాంకనం దగ్గర ఆగిపోయాను. ఇక్కడ చివరి రోజు చూపించే గుడ్డను బట్టి నూటికి మార్కులు వేయడం ఆనవాయితీ. అది నాకు న్యాయంగా తోచడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక అధ్యాపకురాలు, గుంటూరు

జవాబు: మీరు ఆగిన చోటనే మొదలుపెట్టండి. పాఠ్యాంశాల పట్టికను కొంతసేపు పక్కన పెట్టి, ఈ కోర్సు ముగించిన విద్యార్థి ఎవరి సాయమూ లేకుండా ఏయే పనులు చేయగలగాలో నాలుగు వాక్యాల్లో రాసుకోండి. ‘కలంకారీ పట్ల అవగాహన’ అని రాస్తే దానికి మార్కులు వేయడం ఎవరి తరమూ కాదు. ‘గుడ్డను కరక్కాయతో, పాలతో సిద్ధం చేసి, రంగు పాకకుండా గీత గీయగలగాలి’ అని రాస్తే, ఏం నేర్పాలో, చివరికి ఏం చూడాలో రెండూ ఒకేసారి తేలిపోతాయి. నేర్చుకోవలసినదీ, నేర్పే తీరూ, పరీక్షించే తీరూ ఒకే తాటి మీద నడవాలని విద్యావేత్త జాన్ బిగ్స్ 1996లో చెప్పిన మాటకు అర్థం ఇదే.

తరువాత కాలం లెక్క. స్టూడియో పనిలో ఒక క్రెడిట్‌కు వారానికి 2 గంటల చొప్పున, 15 వారాలకు మీ చేతిలో ఉండేది 120 గంటలు. అయితే అద్దకానికి తనదైన గడియారం ఉంది. ఇనుప ముక్కలను, బెల్లాన్ని నీళ్లలో నానబెట్టిన నల్ల రంగు పనికి రావడానికి సుమారు రెండు మూడు వారాలు పడుతుంది. కాబట్టి మొదటి తరగతి రోజునే కుండలో ఆ రంగు వేయించండి. అది ఊరేలోపు చింతపుల్లల బొగ్గుతో గీతలు సాధన చేయించవచ్చు; శ్రీకాళహస్తిలో కలంతో గీసే పనికీ, పెడనలో అచ్చులతో అద్దే పనికీ ఉన్న తేడాను ఎదురుగా పెట్టి చూపించవచ్చు. చరిత్ర అంతా మొదటి యూనిట్‌లో, రంగులన్నీ మూడో యూనిట్‌లో అని విభజించిన ప్రణాళిక కాగితం మీద చక్కగా కనిపిస్తుంది కాని, రంగు చేతికి అందేసరికి సెమిస్టరులో సగం గడిచిపోతుంది.

మార్కుల విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక కళాశాలకు పరీక్షకురాలిగా వెళ్లినప్పుడు, ఒక అమ్మాయి గుడ్డ మీద నలుపు పాకి, బొమ్మ అంచులు చెదిరిపోయి ఉన్నాయని తక్కువ మార్కులు వేశాం. సంతకాలు అయిపోయాక ఆమె సంచిలో అరచేతి వెడల్పు నమూనా గుడ్డలు కనిపించాయి. ఒక్కోదానికి ఒక్కో చీటీ కుట్టి ఉంది: ‘పాలు చాలలేదు, గీత పాకింది’, ‘మళ్లీ ముంచాను, గీత నిలిచింది’, ‘కరక్కాయ తక్కువ, నలుపు తేలలేదు’. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదనీ, కరక్కాయలోని వగరు ఇనుముతో కలిస్తేనే నలుపు తేలుతుందనీ ఆ పిల్ల తన చేతులతో తెలుసుకుంది. శుభ్రమైన గుడ్డ చూపించి ఎక్కువ మార్కులు పొందిన విద్యార్థి మాత్రం, ఆ నలుపు ఎలా వచ్చిందని అడిగితే చెప్పలేకపోయాడు. మేం ఆ అమ్మాయికి అన్యాయం చేశాం. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే నమూనాలకు, పని పుస్తకానికి 40, మధ్యలో జరిపే రెండు సమీక్షలకు 20, చివరి గుడ్డకు 30, దాని గురించి మౌఖికంగా వివరించడానికి 10 మార్కులు కేటాయించమంటాను. ఈ అంకెలు మీ అవసరాన్ని బట్టి మారవచ్చు; కాని మొదటి వారంలోనే విద్యార్థుల చేతికి రాతపూర్వకంగా అందాలి. పరీక్షకులు ఇద్దరుంటే, ముందుగా విద్యార్థుల పనుల్లో ఏవైనా మూడింటిని ఎంచుకుని, ఇద్దరూ వాటికే ఎవరికి వారు మార్కులు వేసి, తేడా ఎందుకు వచ్చిందో మాట్లాడుకున్నాకే మిగిలినవి చూడాలి. అందం మీద ఎవరి అభిరుచి వారిదే అయినా, గీత నిలిచిందా లేదా అన్నదానిపై ఇద్దరూ ఏకాభిప్రాయానికి రాగలరు.

ప్రశ్న: జ్యూరీలో, అంటే పరీక్షకులు కూర్చుని విద్యార్థుల పనిని చూసే సమీక్షలో, అందరి ముందూ నా పనిని విమర్శించి, అప్పటికప్పుడే మార్కులు వేశారు. విమర్శలో ఏం చెప్పారో కూడా నాకు గుర్తులేదు. ఇది సరైనదేనా?
– బి.ఎఫ్.ఎ. విద్యార్థి, హైదరాబాదు

జవాబు: సరైనది కాదు. మార్కు పడబోతోందన్న భయంతో నిలబడిన మనిషికి మాట చెవికెక్కదు. విమర్శ ఒక రోజు, మార్కులు మరొక రోజు ఉండాలి. నడుమ పనిని సరిదిద్దుకునే వ్యవధి ఉండాలి. ఈసారి సమీక్షకు వెళ్లేటప్పుడు, చెప్పినది రాసిపెట్టమని ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకోండి. ఆ కాగితాన్ని మీ పని పుస్తకంలో అతికించి, దాని పక్కనే మీరు చేసిన మార్పును చూపిస్తూ తరువాతి సమీక్షను మీరే మొదలుపెట్టండి.