టెక్ సందేహాలు: ‘ఈజ్’కు బదులు ‘ఆర్’ పడినా వర్డ్ పట్టుకోవట్లేదా?

ప్రశ్న: వర్డ్‌లో నివేదిక రాస్తూ ‘ద లిస్ట్ ఆఫ్ ఫైల్స్ ఆర్ రెడీ’ అని టైప్ చేశాను. అక్కడ ‘ఈజ్’ ఉండాలట. స్పెల్లింగ్ తప్పులకు ఎర్రగీత పడుతోంది కానీ, ఇలాంటి తప్పులకు ఏ గీతా పడటం లేదు. ఎందుకు?

జవాబు: ఎర్రగీత పడుతోందంటే తనిఖీ పూర్తిగా ఆగలేదు, వ్యాకరణం వరకే ఆగింది. ఫైల్ > ఆప్షన్స్ > ప్రూఫింగ్‌లోకి వెళ్లి ‘మార్క్ గ్రామర్ ఎర్రర్స్ యాజ్ యు టైప్’ ముందు టిక్ ఉందో లేదో చూడండి. దాని కిందే ‘రైటింగ్ స్టైల్’ పక్కన సెట్టింగ్స్ బటన్ ఉంటుంది. అది నొక్కితే వచ్చే పట్టికలో గ్రామర్ విభాగంలోని ‘సబ్జెక్ట్ వెర్బ్ అగ్రిమెంట్’కు టిక్ పెట్టండి. ప్రూఫింగ్ పేజీ అడుగున ‘హైడ్ గ్రామర్ ఎర్రర్స్ ఇన్ దిస్ డాక్యుమెంట్ ఓన్లీ’ అని ఉంటుంది. దానికి టిక్ ఉంటే తీసేయండి. ఇంకెవరో పంపిన ఫైలు మీద పని చేస్తున్నప్పుడు చాలాసార్లు అడ్డుపడేది ఇదే. చివరగా ‘రీచెక్ డాక్యుమెంట్’ నొక్కండి. గతంలో ‘ఇగ్నోర్’ కొట్టిన తప్పులు కూడా మళ్లీ బయటికొస్తాయి.

వేరేచోట నుంచి తెచ్చి అతికించిన పేరాలో ఎర్రగీత కూడా పడకపోతే కారణం వేరు. ఆ పేరాను సెలెక్ట్ చేసి రివ్యూ > లాంగ్వేజ్ > సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్‌కు వెళ్లండి. ఇంగ్లిష్ ఎంచుకుని, ‘డు నాట్ చెక్ స్పెల్లింగ్ ఆర్ గ్రామర్’ టిక్ తీసేయండి.

ఇవన్నీ సరిచేసినా సాఫ్ట్‌వేర్ ప్రతి తప్పునూ పట్టుకోదు. కర్తకూ క్రియకూ మధ్య దూరం పెరిగేకొద్దీ దానికి కర్త ఏదో తేల్చడం కష్టమవుతుంది. ‘ద లిస్ట్ ఆఫ్ ఫైల్స్ సెంట్ బై బోత్ టీమ్స్’ అన్నాక క్రియకు ఆనుకుని ఉన్నది ‘టీమ్స్’. మనమూ దాన్ని చూసే ‘ఆర్’ రాసేస్తాం. ‘ఆఫ్’ దగ్గర నుంచి క్రియ వరకు ఉన్నదంతా వేలితో మూసి చదవండి. ‘ద లిస్ట్... ఈజ్ రెడీ’ అని మిగులుతుంది. ‘అలాంగ్ విత్’, ‘యాజ్ వెల్ యాజ్’తో చేరే మాటలనూ ఇలాగే మూసేయవచ్చు, అవి కర్త వచనాన్ని మార్చవు. ‘ఐదర్... ఆర్’, ‘నైదర్... నార్’లకు మాత్రం ఇది పనికిరాదు. అక్కడ క్రియ తనకు దగ్గరగా ఉన్న నామవాచకాన్ని అనుసరిస్తుంది. ‘ఎ నంబర్ ఆఫ్ ఫైల్స్ ఆర్’, ‘ద నంబర్ ఆఫ్ ఫైల్స్ ఈజ్’ అన్న తేడా కూడా గుర్తుంచుకోవాల్సిందే.

పెద్ద నివేదికైతే హోమ్ > ఫైండ్ పక్కన బాణం > అడ్వాన్స్‌డ్ ఫైండ్ తెరిచి ‘ఈచ్ ఆఫ్’ అని ఇంగ్లిష్‌లో కొట్టి, రీడింగ్ హైలైట్ > హైలైట్ ఆల్ నొక్కండి. రంగు పడిన ప్రతిచోటా క్రియ ఏకవచనంలో ఉందో లేదో చూడండి. ‘వన్ ఆఫ్’, ‘ద నంబర్ ఆఫ్’లతోనూ ఇదే చేయండి. గీతల కోసం ఎదురుచూడటం కన్నా ఇదే నమ్మకమైన పని.

ప్రశ్న: ‘ద టీమ్ ఆర్’ అని రాస్తే ఒకచోట తప్పంటోంది, ఇంకోచోట ఊరుకుంటోంది. ఏది నిజం?

జవాబు: రెండూ వాడుకలో ఉన్నవే. జట్టులోని సభ్యులను విడివిడిగా తలచుకుంటే బ్రిటిష్ ఇంగ్లిష్ ‘ఆర్’ను ఒప్పుకుంటుంది, అమెరికన్ మాత్రం దాదాపు ఎప్పుడూ ‘ఈజ్’ అంటుంది. వర్డ్‌లో ప్రూఫింగ్ లాంగ్వేజ్, గూగుల్ డాక్స్‌లో ఫైల్ > లాంగ్వేజ్ చూసి, చదివేవారి ఇంగ్లిష్‌కు తగ్గట్టు మార్చండి. ఒకే పత్రంలో రెండు పద్ధతులూ కలపవద్దు.

ప్రశ్న: నా ఆండ్రాయిడ్ యాప్‌లో ఒక ఫైలు తొలగించినా ‘1 ఫైల్స్ వర్ డిలీటెడ్’ అని వస్తోంది. ‘ఇఫ్’ పెట్టి ‘ఎస్’ తీసేశాను. ఇప్పుడు ‘1 ఫైల్ వర్’ అంటోంది!

జవాబు: వాక్యాన్ని ముక్కలు చేసి అతికిస్తే ఇలాగే అవుతుంది. నామవాచకం మారితే క్రియా మారాలి కాబట్టి ప్రతి రూపానికీ పూర్తి వాక్యం రాయాలి. యాప్ చూపే మాటలుండే స్ట్రింగ్స్ ఫైల్‌లో ‘ప్లూరల్స్’ వనరు పెట్టి, ‘వన్’ కింద ‘వాజ్’ వాక్యం, ‘అదర్’ కింద ‘వర్’ వాక్యం ఇవ్వండి. కోడ్‌లో ‘గెట్‌క్వాంటిటీస్ట్రింగ్’కు సంఖ్యను రెండుసార్లు పంపాలి. మొదటిది రూపాన్ని ఎంచుకోవడానికి, రెండోది వాక్యంలో అంకె నింపడానికి. రెండోది మరిచిపోతే తెర మీద అంకెకు బదులు పర్సంట్ గుర్తూ, ‘డి’ అక్షరమూ అలాగే కనిపిస్తాయి.

ఇంగ్లిష్‌లో ‘జీరో’ రూపం రాసినా ఆండ్రాయిడ్ దాన్ని వాడుకోదు. సున్నా కూడా ‘అదర్’ కిందకే వస్తుంది. ‘ఫైళ్లేవీ లేవు’ లాంటి సందేశం కావాలంటే సంఖ్య సున్నా అయినప్పుడు చూపే స్ట్రింగ్ వేరే పెట్టుకోండి. ‘వన్’ రూపంలో 1 అంకెను నేరుగా టైప్ చేయకండి. రష్యన్‌లో 21 కూడా ‘వన్’ కిందే పడుతుంది, అనువాదకులు మీ నమూనానే అనుసరిస్తే అక్కడ 21 ఫైళ్లకు 1 అని కనిపిస్తుంది. అరబిక్‌కైతే 6 రూపాలు కావాలి. 0, 1, 2 విలువలతో పరీక్షించాకే యాప్ విడుదల చేయండి.

ఖాళీ స్థలం చూపే సందేశాన్ని మాత్రం ఈ వనరులోకి తేవద్దు. ‘5 జీబీ ఈజ్ లెఫ్ట్’ అన్నదే సరైనది. పరిమాణాన్ని ఇంగ్లిష్ ఒకే మొత్తంగా లెక్కిస్తుంది కాబట్టి అంకె ఎంతైనా అక్కడ ‘ఈజ్’ మారదు.