చీలమండ పదేపదే బెణుకుతోంది, ఏ సపోర్టు కొనాలి?

మెట్లు దిగుతుంటే పాదం లోపలికి మడత పడుతోందని, ఏడాదిలో ఇది మూడోసారని రాశారు. నా కుడి కాలిదీ అదే కథ.

మొదటిసారి బెణికినప్పుడు మందుల దుకాణంలో మేజోడులా తొడుక్కునే సాగే గుడ్డ సపోర్టు కొన్నాను. వెచ్చగా, హాయిగా ఉండేది. రెండోసారి మడత పడినప్పుడు అది నా కాలికే ఉంది! వాపును కాస్త అదుపులో ఉంచుతుందేమో గానీ, పాదం పక్కకు వాలకుండా ఆపే బలం దానికి లేదు. ఇలాంటి బెణుకులో ఎక్కువగా దెబ్బతినేది చీలమండ బయటివైపు లిగమెంటు, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే గట్టి కణజాలం. దాన్ని కాపాడాలంటే లేసులు బిగించి, పైన ఎనిమిది అంకెలా పట్టీలు చుట్టే బ్రేసు కావాలి. లేదంటే రెండు పక్కలా గట్టి ప్లాస్టిక్ బద్దలున్నది. బద్దలది మామూలు బూటులో ఇమడటం కష్టం కనుక ఫిజియోథెరపిస్టు నాకు లేసులదే చెప్పారు.

కొనడానికి వెళ్లేటప్పుడు రోజూ వేసుకునే బూట్లు వెంట తీసుకువెళ్లి, వాటిలోనే తొడిగి నాలుగడుగులు నడిచి చూడండి. హవాయి చెప్పులతో ఏ బ్రేసు వేసినా డబ్బు దండగ. అన్నట్టు, నేను మూడోసారి పడింది వంటింటి గడప దగ్గర, ఉత్త కాళ్లతో. అప్పటి నుంచి ఇంట్లోకి విడిగా ఒక జత బూట్లు పెట్టుకున్నాను. అమ్మ వారం రోజులు సణిగింది.

వేళ్లు తిమ్మిరెక్కినా, నీలంగా మారినా వెంటనే వదులు చేయండి.

మీ నాన్నగారికి పక్షవాతం తర్వాత పాదం ముందుభాగం లేవడం లేదని కూడా రాశారు. అది వేరే సమస్య. ఆయనకు మీ బ్రేసు పనికిరాదు. పిక్క వెనక నుంచి అరికాలి కిందిదాకా వచ్చే ఎల్ ఆకారపు ప్లాస్టిక్ స్ప్లింట్ ఉంటుంది, ఏఎఫ్ఓ అంటారు. మా మామయ్యకు కాలి అచ్చు తీసి చేయించాం. ఆయనకు షుగర్ ఉండటంతో ఒరుసుకున్నా నొప్పి తెలిసేది కాదు. అందుకే రోజూ విప్పగానే చర్మం ఎర్రబడిందేమో అత్తయ్య చూసేది.

ఈసారి బెణికాక నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక వెనక అంచును నొక్కితే నొప్పి ఉన్నా, బ్రేసు సంగతి తర్వాత, ముందు ఎక్స్‌రే తీయించుకోండి.

నొప్పి తగ్గాక ఒంటికాలి మీద నిలబడటం సాధన చేయండి. నేను పళ్లు తోముకునేంతసేపూ సింకు అంచు పట్టుకుని కుడికాలి మీదే నిలబడేదాన్ని. రెండు నెలలకు చేయి వదలగలిగాను. ఇప్పుడు బ్రేసు ప్రయాణాలకే బయటికి తీస్తున్నాను.