డొమైన్ ముందు, యాప్ తర్వాత

చి. సుధకు ఆశీస్సులు.

మీ మిర్చి ఎగుమతి ఆఫీసుకు ఏ మెయిల్ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలని అడిగావు. అందులో రెండు ప్రశ్నలున్నాయమ్మా. థండర్‌బర్డ్, ఔట్‌లుక్ వంటివి మెయిల్ చదువుకునే యాప్‌లు. గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365, జోహో మెయిల్ అనేవి ఆ మెయిళ్లు నిల్వ ఉండే సర్వీసులు. యాప్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. సర్వీసు మార్చాలంటే ఏళ్ల తరబడి పేరుకున్న మెయిళ్లన్నీ మోసుకెళ్లాలి. అందుకే ముందు సర్వీసు సంగతి తేల్చుకో.

అంతకన్నా ముందు, మీ డొమైన్, అంటే ఈమెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే మీ సంస్థ పేరు, ఎవరి ఖాతాలో ఉందో చూడు. వెబ్‌సైట్ చేసినతను తన ఖాతాలో కొని ఉంటే ఈ వారమే నీ పేరిట మార్పించుకో. ఆ ఖాతాకు ఇచ్చే ఈమెయిల్ మాత్రం అదే డొమైన్‌ది కాకూడదు. గడువు దాటి డొమైన్ ఆగిపోతే, పాస్‌వర్డ్ మార్చుకునే మెయిల్ కూడా నీకు చేరదు.

మీ ఆఫీసులో ఉండేది ఆరుగురే కాబట్టి, మెయిల్ ఒక్కటే కావాలంటే జోహో చవకగా సరిపోతుంది. దాని ఉచిత ప్లాన్‌లో ఐమ్యాప్ (మెయిళ్లను సర్వర్‌లోనే ఉంచి యాప్‌లో చూపించే పద్ధతి) ఉండదు, డబ్బు కట్టే ప్లానే తీసుకో. రోజంతా ఎక్సెల్‌లో పని అయితే మైక్రోసాఫ్ట్ మేలు. కానీ బిజినెస్ బేసిక్‌లో కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే ఎక్సెల్ రాదు, బ్రౌజర్‌లో, ఫోన్‌లో వాడేదే వస్తుంది. సేల్స్, అకౌంట్స్ అడ్రస్‌లకు విడిగా లైసెన్సులు కొనకు, వచ్చిన మెయిల్ మీలో కావలసినవాళ్లకు చేరేలా గ్రూప్‌గా పెడితే చాలు.

యాప్‌లో ఖాతా కలిపేటప్పుడు ఐమ్యాప్ ఎంచుకో. పాప్ అనే పాత పద్ధతి పెడితే మెయిళ్లు ఒక్క కంప్యూటర్‌లోకి దిగిపోయి, సెట్టింగ్‌ను బట్టి సర్వర్‌లో చెరిగిపోతాయి. ఆ హార్డ్ డిస్క్ పోతే అన్నీ పోయినట్టే.

ఇక నిన్ను అన్నిటికన్నా గట్టిగా హెచ్చరించాల్సింది డీఎన్ఎస్ గురించి, అంటే మీ డొమైన్‌కు సంబంధించిన రికార్డుల పట్టిక గురించి. మీ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డు డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. పాతది ఉండగా కొత్తది చేరిస్తే రెండూ చెల్లవు, మీ కొటేషన్లు స్పామ్‌లో పడొచ్చు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీ పేరుతో మెయిల్ పంపుతుంటే దాన్ని కూడా ఆ ఒక్క రికార్డులోనే చేర్చాలి. తర్వాత మెయిల్‌కు డిజిటల్ సంతకం వేసే డీకిమ్ ఆన్ చేయించు. ఈ పరీక్షలు తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్‌ను మొదట ‘నన్’ (ఏమీ చేయొద్దు)లో ఉంచి, కొన్ని వారాలు రిపోర్టులు చూసి, ‘క్వారంటైన్’ (స్పామ్‌లో వేయి)కు, ఆపైన ‘రిజెక్ట్’ (తిప్పికొట్టు)కు మార్చు. మీ పేరుతో దొంగ ఇన్వాయిస్ పంపి, వేరే బ్యాంకు ఖాతాకు డబ్బు వేయించుకునే మోసానికి అది అడ్డం. అయితే ఒక్క అక్షరం తేడాతో కొన్న డొమైన్‌ను డీమార్క్ ఆపలేదు. అందుకని ఖాతా మారితే ఫోన్ చేసి చెబుతామని ఇన్వాయిస్ మీదే అచ్చు వేయించు.

ల్యాబ్ రిపోర్టుల స్కాన్లు ఉంటాయి కదా, జీమెయిల్‌లో పరిమితి 25 ఎంబీ. మెయిల్‌లో వెళ్లేటప్పుడు ఫైలు మూడో వంతు పెరుగుతుంది గనుక 18 ఎంబీ దాటితే లింక్ పంపండి.

కొత్త సర్వీసుకు మారే ముందురోజే, మీ మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే ఎమ్ఎక్స్ రికార్డు టీటీఎల్ (పాత వివరాన్ని ఇతరులు గుర్తుంచుకునే సమయం) 300 సెకన్లకు తగ్గించి, శనివారం సాయంత్రం ఆ రికార్డు మార్చు. పాత సర్వీసును ఇంకో నెల ఉంచు.

మామయ్య