నిర్మాణ రంగ సంఘానికి అధ్యక్షుడు మారితే, ప్రభుత్వానికి ఇచ్చిన వినతులు మళ్ళీ మొదటికొస్తాయా?

రావు, ఎందుకంటే ఆ వినతులు అధ్యక్షుడివి కావు, సంఘానివి. అధ్యక్షులు సాధారణంగా ఏడాదికో రెండేళ్ళకో మారుతుంటారు. చట్టం మారడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది: సభ్యుల ఇబ్బందులు సేకరించాలి, లెక్కలతో సహా రాసివ్వాలి, అధికారి మారిన ప్రతిసారీ మళ్ళీ వివరించాలి. ఈ పని కమిటీలు, జీతానికి పనిచేసే సిబ్బంది నడిపిస్తారు. దిగిపోయిన అధ్యక్షుణ్ణి కొంతకాలం కార్యవర్గంలోనే ఉంచుకునే సంఘాలూ ఉన్నాయి. మంచి పద్ధతి, పాత చర్చలు గుర్తున్న మనిషి పక్కనే ఉంటాడు.

బ్రిటన్‌నే చూడండి. పైనుంచి డబ్బు వస్తేనే ఇస్తామంటూ సబ్‌కాంట్రాక్టర్ల బిల్లులు ఆపేయడం అక్కడ మామూలుగా జరిగేది. పని పూర్తిచేసిన చిన్న సంస్థలకు ఇది చాలా అన్యాయం. చెల్లింపుల తీరు మారాలని 1994లో అక్కడి నిర్మాణ రంగంపై వచ్చిన లేథమ్ నివేదిక చెప్పింది. ఆ షరతును చాలావరకు నిషేధిస్తూ 1996లో చట్టం చేశారు, అది 1998లో అమల్లోకి వచ్చింది. అంటే నివేదిక నుంచి అమలు దాకా నాలుగేళ్ళు, ఒక అధ్యక్షుడి పదవీకాలం కంటే ఎక్కువే.

వీడ్కోలు ప్రసంగంలో చెప్పే విజయాలన్నీ ఆ ఒక్క పదవీకాలంలోనే సాధించినవని చాలామంది అనుకుంటారు. వాటిలో చాలా వరకు ముందున్నవాళ్ళు మొదలుపెట్టినవే అయ్యుంటాయి. పైగా సంఘం అడగగలదు, ఒప్పించగలదు, అంతే, నిర్ణయం ప్రభుత్వానిదే.