పది సర్టిఫైడ్ కాపీలకు 47 డాలర్లు, పది లక్షలకు నెల వడ్డీ 20 వేలు

ప్రశ్న: మా తమ్ముడు నాలుగు నెలల క్రితం డల్లాస్ ఆసుపత్రిలో గుండెపోటుతో పోయాడు. వయసు 41. కాపురం ఫ్రిస్కోలో. మరదలు, ఇద్దరు పిల్లలు తెనాలి వచ్చేశారు. తెచ్చుకున్నది ఒకే ఒక్క డెత్ సర్టిఫికెట్. అపోస్టిల్ (పత్రం అసలైనదేనని, విదేశంలో చెల్లడానికి, అక్కడి ప్రభుత్వం జతచేసే ధ్రువీకరణ) లేదని ఇక్కడి బీమా సంస్థ తిప్పి పంపింది. అక్కడి గ్రూప్ ఇన్సూరెన్స్ వాళ్లు, 401కె (ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు ఖాతా) వాళ్లు కూడా ప్రభుత్వ ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీ కావాలంటున్నారు. డల్లాస్‌లో ఫ్రెండ్ ఉన్నాడు, వెళ్లి తెస్తాడు. హైదరాబాద్ ఫ్లాట్ ఈఎంఐ 58 వేలు. తమ్ముడి పేరు మీద మంగళగిరి దగ్గర రెండు ప్లాట్లున్నాయి కానీ చేతిలో డబ్బు లక్షన్నర కూడా లేదు. క్లెయిములు వచ్చేదాకా తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి 10 లక్షలు తీసుకుందామనుకుంటున్నాం. ప్లాట్ల కాగితాలు పెట్టమంటున్నారు. తీసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తీసుకోవద్దు. మీ ఇంట్లో జరిగింది చాలా బాధాకరం. మీ మరదలి తరఫున ఇంత పూనుకుని తిరుగుతున్న మీకు కటువుగా చెప్పాలని లేదు. కానీ ఈ అప్పు గురించి మెత్తగా చెబితే మీకు నష్టం చేసినవాణ్నవుతాను.

రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 10 లక్షలకు నెలకు 20 వేలు వడ్డీకే పోతుంది, అసలు అసలుగానే ఉంటుంది. పైగా మీరు పెడదామంటున్న కాగితాలు మీవి కావు. తమ్ముడు వీలునామా రాయకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ప్లాట్లు భార్యకు, పిల్లలకు, మీ అమ్మగారు ఉంటే ఆవిడకు చెందుతాయి. అన్నగా మీకు అందులో వాటా రాదు. మైనర్ పిల్లల స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా తల్లి కూడా తాకట్టు పెట్టడానికి వీల్లేదు. ఆ సంగతి అప్పు ఇచ్చేవాళ్లకూ తెలిసే ఉంటుంది. అందుకే కాగితాలతో పాటు ఖాళీ ప్రోనోటు మీద మీ సంతకం కూడా అడుగుతారు. రేపు నోటీసు వచ్చేది మీ పేరు మీదే.

ఇప్పుడు మీకు అడ్డుపడుతున్నది డబ్బు కాదు, కాగితం. దాన్ని తెప్పించుకోవడం అనుకున్నంత కష్టం కాదు.

ఇలాంటి ఉత్తరాలన్నిటిలో నాకు కనిపించే మొదటి పొరపాటు కౌంటీ (మన జిల్లా లాంటిది) దగ్గర. మరణ రికార్డు ఉండేది మనిషి చనిపోయిన చోట, కాపురం ఉన్న చోట కాదు. ఫ్రిస్కో ఊరు కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఉంది. ఆసుపత్రి డల్లాస్ కౌంటీలో ఉంటే, కాలిన్ కౌంటీ క్లర్కుకు రాస్తే రికార్డు లేదనే జవాబు వస్తుంది. టెక్సాస్‌లో కొన్ని నగరాలకు సొంత రిజిస్ట్రార్లు కూడా ఉంటారు. ఈ గందరగోళం వద్దనుకుంటే ఆస్టిన్‌లోని రాష్ట్ర వైటల్ స్టాటిస్టిక్స్ విభాగానికే దరఖాస్తు పెట్టండి. 1903 నుంచి రాష్ట్రం మొత్తం మరణ రికార్డులు అక్కడ ఉన్నాయి. వేరే రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్లకు కూడా ఒక మాట: అన్నిచోట్లా కౌంటీ పద్ధతి లేదు. న్యూజెర్సీ, మసాచుసెట్స్‌లలో ఆ ఊరి మున్సిపల్ ఆఫీసును అడగాలి. కాలిఫోర్నియాలో అర్హత చూపించకపోతే 'ఇన్ఫర్మేషనల్' అని ముద్ర వేసిన కాపీ ఇస్తారు. అది క్లెయిములకు పనికిరాదు.

రెండోది, ఎవరు అడగాలన్నది. టెక్సాస్‌లో మరణం జరిగి 25 ఏళ్లు దాటని రికార్డులను కోరినవాళ్లందరికీ ఇవ్వరు. భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు వంటి దగ్గరి కుటుంబసభ్యులకు, చట్టపరమైన ప్రతినిధులకు మాత్రమే ఇస్తారు. 'డల్లాస్‌లో ఫ్రెండ్ ఉన్నాడు, వెళ్లి తెస్తాడు' అని మీరు రాశారు. ఆయన ఎంత మంచివారైనా కౌంటర్ దగ్గర మాత్రం కుటుంబసభ్యుడు కాదు. మీ మరదలి టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్స్ ఇంకా చెల్లుతుంటే ముందు ఆన్‌లైన్‌లో ఆవిడ పేరు మీదే ప్రయత్నించండి. పోస్టులో పంపితే దరఖాస్తుకు నోటరీ ఉండాలి, గుర్తింపు కార్డు కాపీ జతచేయాలి. అన్నగా మీకూ అర్హత ఉంది కానీ బంధుత్వం రుజువు చేసే కాగితాల తిప్పలు ఎందుకు, భార్య అడగడమే తేలిక. ప్రభుత్వ వెబ్‌సైట్‌లాగే కనిపించి మూడు నాలుగు రెట్లు గుంజే ప్రైవేటు సైట్లు ఉంటాయి, చూసుకోండి.

ఫీజు చెబితే మీకే బాధేస్తుంది. మొదటి సర్టిఫైడ్ కాపీకి 20 డాలర్లు, అదే దరఖాస్తులో అదనంగా తీసుకునే ఒక్కో కాపీకి 3 డాలర్లు. పది కాపీలకు 47 డాలర్లు. వాటిలో నాలుగింటికి అపోస్టిల్ చేయించడానికి ఒక్కోదానికి 15 చొప్పున 60. మొత్తం 107 డాలర్లు, కొరియర్ ఖర్చు కాకుండా మన డబ్బులో పది వేలకు అటూఇటూ. మీరు కట్టబోయిన ఒక్క నెల వడ్డీలో సగం.

అపోస్టిల్ హైదరాబాద్‌లో చేయిస్తామని ఎవరైనా చెబితే నమ్మి డబ్బు ఇవ్వకండి. మన విదేశాంగ శాఖ అపోస్టిల్ ఇచ్చేది మన దేశపు పత్రాలకే. టెక్సాస్ పత్రానికి టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసే ఇవ్వాలి. అందుకే కాపీలు అడిగేటప్పుడే 'విదేశంలో వాడకానికి, అపోస్టిల్ కోసం' అని చెప్పండి. ఎవరి సంతకం ఉన్న కాపీ చెల్లుతుందో వాళ్లే చూసి ఇస్తారు.

కిందటేడు ఒకావిడ నా టేబుల్ మీద భర్త డెత్ సర్టిఫికెట్ పెట్టారు. పాడవకూడదని భద్రంగా లామినేషన్ చేయించారు. ముద్ర వేలికి తగలడం లేదు, అపోస్టిల్ జతచేయడానికి కాగితం అంచు కూడా మిగల్లేదు. ఆవిడ దగ్గరున్నది అదొక్కటే. ప్లాస్టిక్ ఊడదీయొచ్చా అని అడిగారు. మళ్లీ తెప్పించుకోవడం తప్ప మార్గం లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మీ దగ్గరున్న కాపీని కవర్లో పెట్టండి చాలు.

పది కాపీలకు డబ్బు కట్టే ముందు ఉన్న కాపీలో పేర్లు ఒకసారి సరిచూడండి. మన ఇంటిపేర్లతో వచ్చే చిక్కు ఇక్కడే. పాస్‌పోర్టులో ఇంటిపేరు విప్పి ఉంటుంది, పాలసీలో పొడి అక్షరం ఒక్కటే ఉంటుంది, అక్కడి ఫారంలో ముందువెనకలు మారతాయి. అమ్మగారి పుట్టింటి పేరు రాయాల్సిన చోట అత్తింటి పేరు రాసిన సర్టిఫికెట్లు ఎన్నో చూశాను. తప్పుంటే ముందు సవరణకు దరఖాస్తు పెట్టి, ఆ తర్వాతే కాపీలు తీసుకోండి. మీ తమ్ముడిది ఆసుపత్రిలో జరిగిన సహజ మరణం కాబట్టి ఇంకో చిక్కు లేదు. ప్రమాద మరణాల్లో మెడికల్ ఎగ్జామినర్ నివేదిక వచ్చేదాకా కారణం దగ్గర 'పెండింగ్' అని ఉండొచ్చు, దానితో క్లెయిములు ఆగుతుంటాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. రెండు ప్లాట్లు, ఒక ఫ్లాటు, అమెరికా జీతం ఉన్న ఇంట్లో లక్షన్నర నగదు లేకపోవడమే మిమ్మల్ని రెండు రూపాయల వడ్డీ దాకా తెచ్చింది. మీ ఇంటిని మాత్రమే అనడం లేదు. బోనస్ రాగానే ప్లాటుకు అడ్వాన్స్ ఇవ్వడం మనవాళ్లందరికీ అలవాటు. ప్లాటు ఆపదలో అమ్ముడుపోదు. మైనర్ల వాటా ఉంటే కోర్టు దాటి కదలదు. ఈఎంఐ మాత్రం ఐదో తారీఖున ఠంచనుగా వస్తుంది. విదేశంలో ఒక్క జీతం మీద బతికే కుటుంబానికి ఆరు నెలల అత్యవసర నిధి సరిపోదు, పన్నెండు నెలలది ఉండాలి. మీ లెక్కలో ఈఎంఐ, ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు కలిపి నెలకు లక్ష అనుకుంటే 12 లక్షలు. అది కూడా ఒక్కరి పేరు మీద ఉంటే ఆ మనిషి పోయిన రోజే చేతికి అందకుండా పోతుంది. భార్యాభర్తలిద్దరి పేరు మీద, ఎవరైనా తీసుకునే వీలున్న ఖాతాలో, నామినీ రాసి మరీ ఉంచాలి. దీని తర్వాతే ప్లాటు. అమెరికాలో ఉన్న మీ బంధువులకు ఈ ఒక్క పేరా పంపండి. కంపెనీ ఇచ్చే గ్రూప్ కవర్‌ను చూసుకుని సొంత టర్మ్ పాలసీ మానేసినవాళ్లకు కూడా. ఉద్యోగం పోతే ఆ కవర్ కూడా పోతుంది.

క్లెయిములు వచ్చేదాకా గడవడానికి: ఫ్లాటు లోను ఇచ్చిన బ్యాంకుకు ఉన్న సర్టిఫికెట్ కాపీతో రాతపూర్వకంగా తెలియజేసి, కొన్ని నెలల వెసులుబాటు అడగండి. లోను తీసుకున్నప్పుడు దానికి బీమా కట్టారేమో శాంక్షన్ లెటర్ తీసి చూడండి. చాలామంది కట్టిన సంగతే మరచిపోతారు. కంపెనీ హెచ్‌ఆర్‌ను ఆఖరి జీతం, మిగిలిన సెలవుల డబ్బు అడగండి. స్కాన్ కాపీతో క్లెయిము మొదలుపెడతారా అని గ్రూప్ ఇన్సూరెన్స్ వాళ్లను అడగండి, కొన్ని సంస్థలు ఒప్పుకుంటాయి. అప్పటికీ చాలకపోతే మీ పేరున ఉన్న ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్, అదీ నెలకు ఎంత కావాలో అంతే. 10 లక్షలు ఒకేసారి ఎందుకు?

జీతంలో కోత పెట్టి అమెరికా ప్రభుత్వం నడిపే సోషల్ సెక్యూరిటీ పథకాన్ని వదిలేయకండి. భార్యకు ఒకసారి ఇచ్చే మొత్తం 255 డాలర్లే, దానికి రెండేళ్లలోపు అడగాలి. పిల్లలకు, వాళ్లను చూసుకునే తల్లికి నెలనెలా రావాల్సింది వేరే ఉండొచ్చు. పదేళ్ల సర్వీసు లేకపోయినా, చనిపోయే ముందు మూడేళ్లలో సుమారు ఏడాదిన్నర పని చేసి ఉంటే ఆ అర్హత ఉంటుంది. అమెరికా బయట ఉంటున్నవారికి వేరే షరతులు ఉన్నాయి కాబట్టి ఇండియా వచ్చేసిన సంగతి దాచకుండా చెప్పి అడగండి. తమ్ముడి క్రెడిట్ కార్డు బాకీలు కట్టమని ఫోన్లు వస్తే, అక్కడి లాయరుతో మాట్లాడకుండా ఒక్క డాలరు కూడా పంపవద్దని మరదలికి చెప్పండి.

అన్నిటికంటే ముందు, అక్కడ అంత్యక్రియలు చూసిన ఫ్యూనరల్ హోమ్‌కు ఆవిడ చేత ఫోన్ చేయించండి. డెత్ సర్టిఫికెట్ నమోదు చేయించేది వాళ్లే, అదనపు కాపీలు కూడా చాలావరకు వాళ్లే తెప్పించి పంపుతారు. మన రాత్రి ఎనిమిదిన్నర దాటాక అక్కడ ఆఫీసులు తెరిచి ఉంటాయి. తమ్ముడి పూర్తి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు, చనిపోయిన తేదీ, ఆసుపత్రి పేరు ఒక కాగితం మీద రాసి ఆవిడ ముందు పెట్టి, పక్కన మీరు కూర్చోండి.